రాగికి గాటు పడకుండా

పాతకాలం ఎలక్ట్రీషియన్ రాసిచ్చే సామాన్ల చీటీలో 1/18, 3/20, 7/20 అనే అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. కాయిల్ మీద చదరపు మిల్లీమీటర్లు అచ్చేసి ఉన్నా చాలామంది నోట వచ్చేది ఈ లెక్కే. గీతకు ముందున్నది పోగుల సంఖ్య, తరవాతది ఒక్కో పోగు గేజి. అంటే 3/20లో 20వ గేజి రాగి పోగులు మూడుంటాయి. గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. దానికి కారణం తీగ తయారీలోనే ఉంది. లావు తీగను చిన్న చిన్న బెజ్జాల గుండా మళ్ళీ మళ్ళీ లాగి సన్నం చేస్తారు. ఎన్ని బెజ్జాలు దాటితే నంబరు అంత పెద్దది.

ఈ గేజిని బ్రిటన్ 1884 మార్చి 1 నుంచి చట్టబద్ధం చేసింది. మన బజారుకు వచ్చింది అదే. అమెరికా గేజి వేరు, దాన్ని ఏడబ్ల్యూజీ అంటారు. చిక్కు ఇక్కడే వస్తుంది. బ్రిటిష్ లెక్కలో 18 నంబరు తీగ వ్యాసం 1.22 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో 1.02 మాత్రమే. ఆన్‌లైన్‌లో తెప్పించిన స్ట్రిప్పర్ మీద ఏడబ్ల్యూజీ అని ఉంటే, మన 1/18 వైరును దాని 18 నంబరు బెజ్జంలో పెట్టి నొక్కారనుకోండి, తొడుగుతో పాటు రాగి కూడా చుట్టూరా తెగుతుంది. పెట్టాల్సింది 16 నంబరు బెజ్జంలో. స్ట్రిప్పర్ బాగా లేదని తిట్టుకునేవాళ్ళు ముందు ఈ అంకెలు చూసుకోవాలి.

గాటు పడితే ఏమవుతుంది?

ఒంటి పోగు వైరుకు గాటు పడితే, స్విచ్చు బోర్డులో స్క్రూ కింద వంచేటప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. అప్పుడే విరిగితే మేలు, కంటికి కనిపిస్తుంది. సగం తెగి నిలబడితేనే ప్రమాదం. మూడు పోగుల వైరులో ఒకటి తెగితే ఆ చోట మూడో వంతు రాగి లేనట్టే. ఉన్న రెండు పోగుల మీదే గీజరో ఏసీయో లోడు పడుతుంది, ఆ కొస వేడెక్కుతుంది. తొడుగు ఒలిచాక ఆ కొసను వెలుతురులోకి తిప్పి చూడండి. రాగి మీద మెరిసే సన్నటి గీత చుట్టూ కనిపిస్తే ఆ ముక్క కత్తిరించి మళ్ళీ ఒలవాలి. పావు నిమిషం పని అది.

మన షాపుల్లో చవగ్గా దొరికే స్ట్రిప్పర్‌కు రెండు దవడల్లోనూ ‘వి’ ఆకారపు గాడి, పిడి మధ్యలో ఒక చిన్న స్క్రూ ఉంటాయి. చాలామంది ఆ స్క్రూను ఒక్కసారి కూడా తిప్పరు. దవడలు ఎంతవరకు మూసుకోవాలో నిర్ణయించేది అదే. వాడబోయే వైరు ముక్క ఒకటి తీసుకుని, తొడుగు తెగి రాగికి అంచు తగలకుండా ఆగేదాకా స్క్రూను సరిచూసుకోవాలి. ఆ తరవాత దవడలు మూసి, అర చుట్టు తిప్పి, లాగితే తొడుగు గొట్టంలా ఊడొస్తుంది. ఒకసారి సరిచేస్తే ఆ సైజు వైరు అంతటికీ అదే చాలు. ఇంత తక్కువ ధరకు ఇంత తెలివైన అమరిక ఉన్న పనిముట్లు ఎక్కువ లేవు.

పళ్ళతో పీకేవాళ్ళు

నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో వైరు పట్టుకుని, పళ్ళతో తొడుగు పీకడం మన దగ్గర రోజూ చూసే దృశ్యం. దీనివల్ల ముందు పళ్ళ అంచులు నొక్కులు పడతాయని అందరికీ తెలుసు. తెలియని సంగతి ఇంకోటుంది. పీవీసీ తొడుగు ఎండకూ వేడికీ చెడిపోకుండా అందులో సీసం సమ్మేళనాలు కలిపేవారు. అమెరికాలో ఓహాయో రాష్ట్రానికి చెందిన ఒక వ్యక్తి, వైర్ల కొసల నుంచి ఒలిచిన తొడుగు ముక్కల్ని ఏళ్ళ తరబడి నమిలే అలవాటుతో ఒంట్లో సీసం పేరుకుని జబ్బు పడ్డాడు. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆ సంగతిని 1993లో తన వారపత్రికలో ప్రకటించింది. పీకిన ముక్కను ఉమ్మేసేవాళ్ళకు అంత ముప్పు ఉండకపోవచ్చు. అయినా నోట్లో పెట్టుకోవాల్సిన వస్తువు కాదది.

విరిగిన సగం

అమెరికా ఎలక్ట్రీషియన్లు కటింగ్ ప్లేయర్‌ను ‘క్లైన్స్’ అని పిలవడం మామూలే. 1857లో షికాగోలో మథియాస్ క్లైన్ అనే కమ్మరి దగ్గరికి ఒక టెలిగ్రాఫ్ లైన్‌మన్ సగం విరిగిన ప్లేయర్ తెచ్చాడట. క్లైన్ ఆ సగాన్ని కొత్తగా కొట్టి, పాత సగానికి రివెట్ చేసి ఇచ్చాడు. కొన్నాళ్ళకు మిగిలిన పాత సగం కూడా విరిగింది. దాన్నీ చేసిచ్చేసరికి మొత్తం ప్లేయర్ క్లైన్ చేతిదే అయింది. ఆ కంపెనీ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇది. మన దగ్గరికొస్తే, నాసిక్‌కు చెందిన టపారియా కంపెనీ 1969లో ఒక స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో చేతి పనిముట్ల తయారీ మొదలుపెట్టింది.

టెలిగ్రాఫ్ కాలపు గుర్తు ఇంకోటి మన దగ్గర మిగిలే ఉంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరిన కుర్రాళ్ళు ‘వెస్టర్న్ యూనియన్ జాయింట్’ కొట్టడం నేర్చుకుంటారు. రెండు తీగల కొసలు ఒలిచి ఒకదాని చుట్టూ ఒకటి బిగించి చుట్టే ఈ జాయింట్, లాగేకొద్దీ ఇంకా బిగుస్తుంది. అమెరికా టెలిగ్రాఫ్ కంపెనీ పేరది. ఆ కంపెనీ టెలిగ్రాములు పంపడం 2006లో ఆపేసింది, మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ముగిసింది. జాయింట్ మాత్రం పాఠంలో ఉంది.

కత్తిరించని ఒక్క వైరు

1988 డిసెంబరు 12 ఉదయం లండన్ క్లాఫమ్ జంక్షన్ దగ్గర, ఆఫీసులకు వెళ్ళేవాళ్ళతో నిండిన రైలు ఆగి ఉంది. వెనక నుంచి వచ్చిన ఇంకో రైలుకు ఎర్ర దీపం పడలేదు. ఢీకొట్టింది. ఎదురుగా వస్తున్న మూడో రైలు, అది ఖాళీది, ఆ శిథిలాలకు తగిలింది. 35 మంది చనిపోయారు, 484 మంది గాయపడ్డారు.

కారణం సిగ్నల్ రిలే గదిలో దొరికింది. రెండు వారాల ముందు అక్కడ వైరింగ్ మార్చారు. అవసరం తీరిన పాత వైరును టెర్మినల్‌కు అందనంత పొట్టిగా కత్తిరించి, కొత్త టేపు చుట్టి కట్టేయాలి. ఆ పని చేసిన టెక్నీషియన్ ఆ వైరును ఒక కొసన ఊడదీసి, పాత టేపే మళ్ళీ చుట్టి, పక్కకు తోసి వదిలేశాడు. రెండో కొస ఇంకా ఫ్యూజుకు తగిలే ఉంది. ప్రమాదానికి ముందురోజు పక్కనే ఇంకో పని జరిగినప్పుడు ఆ వైరు కదిలి తన పాత టెర్మినల్‌కు తగిలింది. దాంతో పట్టాల మీద రైలు ఉన్నా, లేనట్టే సిగ్నల్‌కు కరెంటు అందింది.

ఆంటొనీ హిడెన్ విచారణ నివేదిక ఆ ఒక్క మనిషి మీద నెపం వేసి ఊరుకోలేదు. అతనికి 13 వారాల్లో దొరికిన సెలవు ఒక్క రోజు. అతని పనిని రెండో మనిషి తనిఖీ చేయలేదు, వైర్లు లెక్కపెట్టలేదు. ఆ నివేదిక తరవాతే సిగ్నల్ సిబ్బంది పని గంటలకు అక్కడ కట్టడి వచ్చింది. కటింగ్ ప్లేయర్ ఒక్క నొక్కు నొక్కి ఉంటే అనిపిస్తుంది. ఆ నొక్కు నొక్కాల్సిన చేతికి విశ్రాంతి ఎందుకివ్వలేదన్నదే అసలు ప్రశ్న.

కుందేలు, కుక్క, కందిరీగ

వీధి స్తంభాల మీద వెళ్ళే తీగలకు జంతువుల పేర్లున్నాయి. బ్రిటిష్ పద్ధతిలో ఉక్కు నడుము ఉన్న అల్యూమినియం తీగలకు వీజిల్, రాబిట్, డాగ్, పాంథర్, జీబ్రా అని పేర్లు. ఉక్కు లేని వట్టి అల్యూమినియం తీగలకేమో పురుగుల పేర్లు, దోమ, చీమ, కందిరీగ వంటివి. రాబిట్‌లో ఆరు అల్యూమినియం పోగుల మధ్య ఒక ఉక్కు పోగు ఉంటుంది. చిలక ముక్కులా వంపు తిరిగిన కేబుల్ కట్టర్ దవడలు రాగినీ అల్యూమినియాన్నీ నలపకుండా కోస్తాయి కానీ, ఈ ఉక్కు పోగు తగిలితే అంచు పెచ్చులుగా ఊడుతుంది. దానికి వేరే కట్టర్ ఉంది.

ఇంట్లో వాడే కటింగ్ ప్లేయర్ అంచు మీద అర చందమామలాంటి కాలిన గుంట కనిపిస్తే, దాన్ని ఎప్పుడో కరెంటు ఉన్న వైరు మీద వాడారని అర్థం. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే నొక్కులో కోస్తే ఉక్కు అంచు రెంటినీ కలిపేస్తుంది. మెరుపుతో అంచు అక్కడికక్కడే కరుగుతుంది. పిడికున్న రంగు ప్లాస్టిక్ పట్టు జారకుండా ఉండటానికే, చాలావాటికి షాకు ఆపే హామీ లేదు. హామీ ఉన్నవాటి మీద జంట త్రిభుజాల గుర్తు, 1000 వోల్టులన్న ముద్ర ఉంటాయి. ఆ ముద్ర వేయాలంటే ప్రతి పనిముట్టునూ 10,000 వోల్టుల దగ్గర పరీక్షించాలి. అది ఉన్నా మెయిన్ ఆపాకే వైరు పట్టుకోండి.

ఒలవకుండా ఒకటి, వెంట్రుకంత ఒకటి

టెలిఫోన్ ఎక్స్చేంజి వాళ్ళ క్రోన్ టూల్‌కు ఒలవడంతో పనే లేదు. తొడుగుతో ఉన్న వైరును లోహపు చీలికలోకి గుద్దితే, చీలిక అంచులే తొడుగును కోసి రాగిని పట్టుకుంటాయి. మిగిలిన కొసను అదే టూల్‌లోని కత్తెర ఆ దెబ్బకే కోసేస్తుంది.

ఫైబర్ కేబుల్‌ది ఇంకో లోకం. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ కేబుల్‌ను చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. అందులో గాజు పోగు మందం 125 మైక్రాన్లు, పైపూతతో 250. స్ట్రిప్పర్ ఆ పూతను గీకి, గాజును ముట్టకుండా ఆగాలి. తరవాత స్పిరిట్‌తో తుడిచి క్లీవర్‌లో పెడతారు. క్లీవర్ గాజును కోయదు. వజ్రపు లేదా గట్టి లోహపు అంచుతో ఒక్క గీత గీసి, పోగును విరుస్తుంది. కొస అద్దంలా చదునుగా రాకపోతే స్ప్లైసింగ్ మిషన్‌లో వేసే అతుకు దగ్గర వెలుగు నష్టపోతుంది. కేబుల్‌లో బలానికి పెట్టిన పసుపు అరామిడ్ నారకు మామూలు కత్తెర జారిపోతుంది, దానికి గరుకు అంచు కత్తెర కావాలి.

కాల్చిన రాగి

పొలాల్లో బోరు మోటార్ల కేబుళ్ళు కోసుకుపోయిన దొంగలు వాటిని ఏ గట్టు చాటునో తగలబెట్టి రాగి తీసుకుంటారు. పీవీసీలో క్లోరిన్ ఉంది. అది కాలేటప్పుడు డయాక్సిన్లనే విషాలు పుడతాయి, ఆ చర్యను రాగి ఇంకా వేగిరపరుస్తుంది. పాత సామాన్ల వ్యాపారంలోనూ కొందరు ఇదే చేస్తారు, పైగా నష్టానికి. స్ట్రిప్పింగ్ మిషన్‌లో ఒలిచి తీసిన మెరిసే రాగికి ఉన్న రేటు, కాలి నల్లబడిన రాగికి రాదు.