కుంటిన తీన్మార్

మొన్న సెలవులకి ఊరికి పోయినప్పుడు, లాప్‌టాప్‌లో నేను చేసిన తీన్మార్ బీట్ మా మామకి వినిపించాను. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దిక్కు. మామ ముప్పై ఏళ్ల నుంచి డప్పు కొడుతున్నాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అర నిమిషం విని తీసేశాడు.

"కుంటుతున్నది అల్లుడా" అన్నాడు. అంతే.

నాకు రోషం వచ్చింది. కంప్యూటర్ లెక్క ఎట్లా తప్పుతుంది? రాత్రి కూర్చుని చూస్తే తప్పు నిజంగా లెక్కలోనే దొరికింది. బీట్లు చేసే దోస్తులు మన క్లబ్‌లో కూడా ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

1980లో జపాన్ కంపెనీ రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ తెచ్చింది. దాని కింది వరుసలో 16 బటన్లు. ఒక్కో బటన్ ఒక్కో గడి. ఏ గడి నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది, చివరికి పోయాక మళ్లీ మొదటికి వస్తుంది. ఇప్పుడు మనం వాడే బీట్ యాప్‌లు చాలావరకు తెరిచిన వెంటనే చూపించేది ఈ 16 గడులే: నాలుగు బీట్లు, బీటుకి నాలుగు గడులు.

తీన్మార్ నడక అది కాదు. పేరులోనే మూడు ఉంది. ఒక్కో బీటు మూడు సమాన ముక్కలుగా విడిపోతుంది. నిమిషానికి 120 బీట్లు అనుకోండి. ఒక బీటు 500 మిల్లీసెకన్లు. మూడు దెబ్బలు 0, 167, 333 దగ్గర పడాలి. నాలుగు గడుల్లో ఉన్న చోట్లు 0, 125, 250, 375. అంటే దగ్గరి గడిలో పెట్టినా రెండో దెబ్బ 42 మిల్లీసెకన్లు ముందు పడుతుంది, మూడోది 42 ఆలస్యం. మామ చెవి పట్టుకున్న కుంటు అదే.

"స్వింగ్ పెడితే సరిపోతది కదా?" అంటారు. నేనూ పెట్టాను. స్వింగ్ రెండేసి దెబ్బల్లో రెండోదాన్ని కొంచెం వెనక్కి జరుపుతుంది. దాంతో రెండు దెబ్బలు కుదురుతాయి. మిగిలిన దెబ్బకి మాత్రం చోటే ఉండదు. కాబట్టి గడులనే మార్చాలి. హైడ్రోజన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెజల్యూషన్ దగ్గర 8టీ ఎంచుకుంటే నాలుగు బీట్లకి 12 గడులు వస్తాయి.

మార్చి మళ్లీ వినిపించాను. "నడుస్తున్నది గని, సిర్ర, చిటికెన పుల్ల ఒక్కతీరుగ మోగుతున్నయేందిరా?" అన్నాడు. డప్పుకి రెండు పుల్లలు. సిర్ర లావుగా, పొట్టిగా ఉంటుంది, దెబ్బ బరువుగా పడుతుంది. చిటికెన పుల్ల సన్నగా, పొడుగ్గా ఉంటుంది, చురుగ్గా మోగుతుంది. నేను ఒకే శాంపిల్‌ని ఒకే వెలాసిటీతో అన్ని గడుల్లో నింపాను. వెలాసిటీ అంటే దెబ్బ బలం. రెండు పుల్లలకి రెండు శాంపిళ్లు పెట్టి, మొదటి దెబ్బ బలంగా, మిగతావి తగ్గించి పెట్టాక బీటుకి ప్రాణం వచ్చింది.

ఆ శాంపిళ్లు మామవే. మంట పెట్టి డప్పు కాపి, తోలు బిగిశాక ఫోన్‌లో రికార్డు చేశాను. అప్పుడు మామ నవ్వుతూనే ఒక మాట అన్నాడు: "పెండ్లిళ్లకు డీజే వచ్చినంక మమ్ముల పిలుసుడు తక్కువైంది. ఇప్పుడు నా డప్పు గూడ నీ డబ్బాలకే పాయె."

నాకు జవాబు దొరకలేదు. ఫెస్ట్‌లో ఆ బీట్ వేసినప్పుడు స్క్రీన్ మీద నా పేరు కంటే ముందు మామ పేరు వేశాను. అక్క బరాత్‌కి డీజేతో పాటు మామ జట్టుని కూడా పిలవాలని ఇంట్లో కొట్లాడి ఒప్పించాను, డీజేకి ఇచ్చినంత పైసలు ఇచ్చే మాట మీద. మీరూ ఎవరి డప్పునైనా రికార్డు చేసుకుంటే పేరు రాయండి, పైసలు ఇవ్వండి. బీట్ అయ్యాక ముందు వాళ్లకే వినిపించండి. కుంటుతుంటే వాళ్లే చెప్తారు.