నెత్తిన నాట్లు: హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసినవి

సంబంధం దాదాపు ఖాయమైంది. అబ్బాయి చదువుకున్నవాడు, నమాజు తప్పనివాడు, సొంత సంపాదన ఉన్నవాడు. ఫొటో చూసిన తర్వాత అటువైపు నుంచి ఒక్క మాట వస్తుంది: "నుదురు కాస్త పెద్దదిగా ఉందే!" ఆ మాటకు అసలు అర్థమేమిటో అందరికీ తెలుసు. ఆ రాత్రి అబ్బాయి అద్దం ముందు చాలాసేపు నిలబడతాడు. అతని కంటే అమ్మీ ఎక్కువగా కలత చెందుతుంది. నికాహ్‌కు ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. "ఈలోగా జుట్టు నాటించేస్తే సరి" అని బంధువుల్లో ఎవరో సలహా ఇస్తారు. మన ఇళ్లలో ఇప్పుడు తరచుగా వినిపిస్తున్న మాట ఇది.

ఈ సలహాలో ఒక పెద్ద పొరపాటు దాగి ఉంది. శస్త్రచికిత్స జరిగిన రెండు నెలలకు మనిషి మునుపటి కంటే ఒత్తయిన జుట్టుతో కనిపించడు. సరికదా, మునుపటి కంటే పలచగా కనిపించే అవకాశమే ఎక్కువ. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ఎన్నో ఇళ్లలో వృథా ఖర్చు, మనస్తాపం తప్పుతాయి. అందుకే ఈ చికిత్స ఏమి ఇవ్వగలదో, ఏమి ఇవ్వలేదో ఇక్కడ వివరంగా తెలుసుకుందాం.

మొలిపించడం కాదు, మార్చి నాటడం

పురుషులలో కనిపించే బట్టతలకు ప్రధాన కారణం వంశపారంపర్యం, దానితోపాటు డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోన్ ప్రభావం. తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ కూడా ఈ లక్షణం సంక్రమించవచ్చు. ఈ హార్మోన్ ధాటికి నుదుటి మీద, నడినెత్తిన ఉండే కుదుళ్లు క్రమంగా కుంచించుకుపోతాయి. తల వెనుక భాగంలోనూ, చెవుల పైభాగంలోనూ ఉండే కుదుళ్లు మాత్రం దాన్ని తట్టుకుని నిలుస్తాయి. బట్టతల ఎంత ముదిరినా వెనుక ఒక వరుస జుట్టు మిగిలి ఉండడానికి కారణం ఇదే.

వెనుక నుంచి తీసిన కుదురు ముందుకు వచ్చినా తన పాత స్వభావాన్ని వదులుకోదు. జపాన్ వైద్యుడు ఒకుడా 1939లోనే జుట్టు మార్చి నాటే పద్ధతిని వివరించారు. న్యూయార్క్‌కు చెందిన చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైచ్ 1959లో ప్రచురించిన వ్యాసంతో ఈ సూత్రం ప్రపంచానికి స్పష్టమైంది. నేటి చికిత్స అంతా ఆ పునాది మీదనే నిలిచి ఉంది.

మన పల్లెల్లో వరి నాట్లు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. నారుమడిలో పెరిగిన నారును తీసి పొలంలో నాటుతారు. కొత్త నారు ఎక్కడి నుంచో పుట్టుకురాదు. ఇక్కడా అంతే. పైగా, తీసిన కుదురు స్థానంలో మరొకటి మొలవదు. అంటే నారుమడి పరిమితం. తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. అందులో వెనుక భాగం పలచబడకుండా తీయగలిగినవి కొన్ని వేలు మాత్రమే. ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు కలిసి ఉండే చిన్న గుత్తిని గ్రాఫ్ట్ అంటారు. చాలామందికి జీవితకాలం మొత్తానికి దొరికే గ్రాఫ్ట్‌లు కొద్ది వేలే. ఈ మూలధనాన్ని ఇరవై రెండేళ్ల వయసులోనే నుదుటి అంచుకు ఖర్చు చేసేస్తే, నలభై ఏళ్లకు నడినెత్తి ఖాళీ అయినప్పుడు తీసి పెట్టడానికి ఏమీ మిగలదు. జుట్టు ఎంతవరకు రాలుతుందో తేలని పిన్న వయసులో వివేకం గల వైద్యులు తొందరపడకపోవడానికి కారణం ఇదే.

శస్త్రచికిత్స నాడు ఏమి జరుగుతుంది?

ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. ఎఫ్‌యుటి పద్ధతిలో తల వెనుక నుంచి సన్నని చర్మపు పట్టీని కోసి తీసి, సూక్ష్మదర్శిని సాయంతో గ్రాఫ్ట్‌లుగా విడదీస్తారు. ఆ చోట గీతలాంటి మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. ఎఫ్‌యుఈ పద్ధతిలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ వ్యాసం ఉన్న పరికరంతో ఒక్కొక్క గుత్తిని విడిగా తీస్తారు. గీత పడదు గానీ, చిన్న చిన్న చుక్కల్లాంటి మచ్చలు ఉంటాయి. "మచ్చే ఉండదు" అని ఎవరైనా అంటే అది నిజం కాదు.

తలకు మాత్రమే మత్తు ఇస్తారు, మనిషి మెలకువగానే ఉంటాడు. మత్తు సూదులు గుచ్చే మొదటి కొన్ని నిమిషాలే ఎక్కువ నొప్పి. గ్రాఫ్ట్‌ల సంఖ్యను బట్టి ఆరు నుంచి ఎనిమిది గంటలు పట్టవచ్చు. ఆ వ్యవధిలో జుహ్ర్, అస్ర్ నమాజులు వస్తాయి గనుక నమాజుకు విరామం కావాలని ముందుగానే చెప్పి ఉంచడం మంచిది. సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు.

ఓర్పును పరీక్షించే నెలలు

మూడవ, నాలుగవ రోజున నుదుటి మీది వాపు కళ్ల వరకు దిగవచ్చు. చూసిన ఇంటివారు భయపడతారు గానీ, సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. నాటిన చోట చిన్న చెక్కులు కట్టి, పదిరోజుల ప్రాంతంలో రాలిపోతాయి. జ్వరం, చీము, పెరుగుతున్న నొప్పి, ఊపిరి ఆడకపోవడం వంటివి మాత్రం సాధారణం కావు. అవి కనిపిస్తే "రేపు చూద్దాం" అనకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ తర్వాతే అసలు పరీక్ష మొదలవుతుంది. రెండవ వారం నుంచి ఆరవ వారం లోపు నాటిన వెంట్రుకల్లో అత్యధిక భాగం రాలిపోతాయి. పక్కనున్న పాత జుట్టు కూడా కొంత రాలవచ్చు. డబ్బంతా నీళ్లపాలైందని చాలామంది కుంగిపోయేది ఇప్పుడే. నాటిన నారు మొదట వాడి, వేరు పట్టాకనే పచ్చబడుతుంది కదా! ఇక్కడ కూడా రాలింది వెంట్రుకే, కుదురు చర్మం లోపల విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. మూడు నాలుగు నెలలకు సన్నని వెంట్రుకలు కనిపిస్తాయి. ఆరు నెలలకు మార్పు నలుగురికీ తెలుస్తుంది. పూర్తి ఫలితం తేలడానికి పన్నెండు నెలలు, నడినెత్తికైతే పద్దెనిమిది నెలలు కూడా పట్టవచ్చు.

కాబట్టి నికాహ్ కోసమే ఈ చికిత్స చేయించుకోదలిస్తే, కనీసం ఏడాది ముందు చేయించుకోవాలి. రెండు నెలల ముందైతే మానుకోవడమే మేలు.

ఇంకొక సంగతి. నాటిన జుట్టు నిలిచినా, చుట్టూ ఉన్న పాత జుట్టు రాలడం ఆగదు. అందుకే మినాక్సిడిల్, ఫినాస్టిరైడ్ వంటి మందులు కొనసాగించాలని వైద్యులు చెబుతారు. ఫినాస్టిరైడ్ వల్ల కొద్దిమంది పురుషుల్లో దాంపత్య సంబంధమైన ఇబ్బందులు కలగవచ్చు. నలిగిన ఆ మాత్రలను గర్భిణులు తాకరాదు. కొత్తగా పెళ్లయ్యే ఇంట ఈ విషయాలు సిగ్గుపడకుండా వైద్యుడిని అడిగి తెలుసుకోవలసినవి.

వుజూ, సజ్దా, టోపీ

నాటిన గ్రాఫ్ట్‌లు గట్టిపడే వరకు, సాధారణంగా మొదటి వారం నుంచి పది రోజుల వరకు, తల వంచడం, రుద్దడం, బిగుతైన టోపీ లేదా హెల్మెట్ ధరించడం వద్దంటారు. మరి సజ్దా ఎలా? అనారోగ్యంతో ఉన్న ఒక సహాబీకి, నిలబడలేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పడుకుని నమాజు చేయమని దైవప్రవక్త (స) అనుమతినిచ్చిన సంగతి మనకు తెలుసు. వైద్యుడు వారించినన్ని రోజులు సైగతో సజ్దా చేయవచ్చు. వుజూలో తల తుడిచేటప్పుడు గాయం లేని చోట తుడవడం, గుస్ల్ అవసరమైనప్పుడు తలకు నీరు తగలకూడని మొదటి రోజుల్లో ఏమి చేయాలి అన్న విషయాలను మీ ఆలిమ్‌ను శస్త్రచికిత్సకు ముందే అడిగి ఉంచుకోండి. మందులు సమయానికి వేసుకోవలసి ఉంటుంది గనుక రమజాన్ నెల రాకుండా తేదీ ఎంచుకోవడం తెలివైన పని.

ఉమ్రా, హజ్ సంకల్పం ఉన్నవారు మరొకటి ఆలోచించాలి. గ్రాఫ్ట్‌లు నిలదొక్కుకోకముందే తల గొరిగించుకుంటే నష్టం. నిలదొక్కుకున్న తర్వాత గొరిగినా కుదురు లోపలే ఉంటుంది, జుట్టు తిరిగి వస్తుంది. అయితే ఎఫ్‌యుటి గీత గుండు చేయించుకున్నప్పుడల్లా బయటపడుతుంది. పద్ధతిని ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

షరీఅత్ దృష్టిలో

ఇతరుల జుట్టును తమ జుట్టుకు అతికించుకోవడాన్ని హదీసులు తీవ్రంగా నిషేధించాయి. మరి ఇది కూడా అదేనా? తన తల నుంచే తీసి తన తలలోనే నాటడం, పోయిన దానిని తిరిగి తెచ్చుకునే చికిత్సే గాని మోసమూ కాదు, దైవసృష్టిని మార్చడమూ కాదని సమకాలీన ధర్మవేత్తలలో చాలామంది అభిప్రాయపడ్డారు. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ కూడా, రాలిపోయిన జుట్టును నాటించుకోవడాన్ని అనుమతించదగిన చికిత్సల్లో పేర్కొన్నది. ముఖ్యంగా స్త్రీల విషయాన్ని ప్రస్తావించింది. నాటిన జుట్టు శరీరంలో భాగమైపోతుంది గనుక వుజూకు, గుస్ల్‌కు అడ్డు కాదు. జిగురుతో అంటించే విగ్గు సంగతి వేరు. అది చర్మానికి నీరు చేరకుండా అడ్డుపడుతుంది.

అనుమతి ఉందంటే అవసరం ఉందని కాదు. ఇంటి అవసరాలు పక్కనబెట్టి, క్లినిక్‌వారు చూపే వడ్డీ వాయిదాలకు తల ఒగ్గి చేయించుకునే చికిత్సలో బరకత్ ఎక్కడిది?

ఎవరి చేతిలో తల పెడుతున్నాం?

"చిన్న పనే కదా" అనుకోవడం ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. ఢిల్లీలో ఒక యువకుడు ఈ చికిత్స తర్వాత మరణించగా, ఆ కేసును విచారించిన ఢిల్లీ హైకోర్టు 2022లో తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. అదే ఏడాది జాతీయ వైద్య కమిషన్ కూడా హెచ్చరించింది: తగిన శస్త్రచికిత్స శిక్షణ పొందిన వైద్యులే ఈ పని చేయాలి, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కాదు.

కాబట్టి సంతకం చేయకముందే అడగండి. డాక్టరు అర్హత ఏమిటి, వైద్య మండలిలో నమోదు ఉందా? తీయడం, నాటడం డాక్టరు చేస్తారా, సహాయకులకు అప్పగిస్తారా? మత్తు వికటిస్తే ఆదుకునే ఏర్పాట్లు ఉన్నాయా? ఎన్ని గ్రాఫ్ట్‌లు, మొత్తం ఎంత ఖర్చు? చక్కెర వ్యాధి, రక్తపోటు, గుండె జబ్బు, రక్తం పలచబరిచే మాత్రలు, సిగరెట్ అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. ఒకే రోజున అసాధారణ సంఖ్యలో గ్రాఫ్ట్‌లు వేస్తామనేవారికీ, "నూటికి నూరు శాతం గ్యారంటీ" అనేవారికీ దూరంగా ఉండండి.

ఇక సోదరీమణుల విషయం. ప్రసవం తర్వాత కొన్ని నెలలకు, లేదా పెద్ద జ్వరం తర్వాత రాలే జుట్టు చాలావరకు తనంతట తానే తిరిగి వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం కారణమైతే వాటికి చికిత్స కావాలి, తలకు కాదు. స్త్రీలలో తల అంతటా పలచబడినప్పుడు వెనుక జుట్టు కూడా బలహీనంగానే ఉండవచ్చు గనుక నాట్లు అందరికీ తగవు. ముందు చర్మవైద్యుడి పరీక్ష తప్పనిసరి.

చివరగా

బనీ ఇస్రాయీల్‌కు చెందిన ముగ్గురి వృత్తాంతం మన పిల్లలకు కూడా తెలిసిందే. వారిలో ఒకరు బట్టతల వ్యక్తి. ఏమి కావాలని దైవదూత అడిగితే అందమైన జుట్టు కోరుకున్నాడు, దక్కింది. ఆ కోరికను ఎవరూ తప్పు పట్టలేదు. కానీ అదే దైవదూత తర్వాత బట్టతల బీదవాడి రూపంలో వచ్చి సాయం అడిగితే, తన గతాన్ని మరచి పొమ్మన్నాడు. పరీక్షలో ఓడిపోయింది అక్కడ.

అబ్బాయి జుట్టు నాటించుకోదలిస్తే నాటించుకోనివ్వండి. తగిన వయసులో, తగిన వైద్యుడి వద్ద, అప్పు చేయకుండా, ఏడాది ఓర్పుతో. వద్దనుకుంటే ఆ తలను అలాగే గౌరవించండి. "నుదురు పెద్దదిగా ఉందే" అన్న మాట మన నోటి నుంచి ఇంకొక ఇంటికి వెళ్లకుండా చూసుకోవడం మాత్రం ఏ ఖర్చూ లేని చికిత్స. అది ఈ రోజే మొదలుపెట్టవచ్చు.