నాలుగున్నరకే ఫస్ట్ షో... ఆరు వందల ఏళ్ళ క్రితం!

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. అశోక్‌నగర్ గదుల్లోంచి పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టిన కుర్రాళ్ళు మళ్ళీ లేచేది దీపాలు వెలిగాకే. ఆ మధ్య ఓ సాయంత్రం నా పక్కనున్న కుర్రాడు ఇంగ్లీషు సాహిత్య చరిత్ర పుస్తకం టపీమని మూసేశాడు.

"వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు వాళ్ళతో మనకేం పని సార్? లెక్చరర్ పరీక్ష రాస్తున్నాను గనక తప్పడంలేదు!"

నేను జవాబు చెప్పలేదు. ఛాయ్ తాగుదాం రమ్మని ఆర్‌.టి.సి. క్రాస్ రోడ్స్ వైపు నడిపించాను. దేవి, సుదర్శన్, సంధ్య... వరసగా సినిమా హాళ్ళు. "నీ సిలబస్ ఇదేనయ్యా" అన్నాను. కుర్రాడు నవ్వాడు. మీరూ నవ్వుతున్నారు కదూ? నవ్వండి. కానీ ముందు కథ వినండి!

పాట రాని పశువుల కాపరి

క్రీ.శ. 597లో రోము నుంచి అగస్టీన్ అనే సన్యాసి వచ్చి ఇంగ్లండులోని కెంట్ సీమలో దిగాడు. కొత్త మతం వచ్చింది. కానీ గ్రంథాలన్నీ లాటిన్‌లో వున్నాయి. పొలం దున్నేవాడికి ఏం తెలుస్తుంది?

7వ శతాబ్దంలోనే విట్బీ మఠం దగ్గర కాడ్మన్ అనే పశువుల కాపరి వుండేవాడు. విందుల్లో తంత్రీ వాద్యం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళేది. అది ఎవరి దగ్గరికొస్తే వాళ్ళు పాడాలి. తన వంతు దగ్గరపడుతోందనగానే పాపం కాడ్మన్ మెల్లగా జారుకునేవాడు. ఓ రాత్రి పశువుల కొట్టంలో పడుకుంటే కలలో ఎవరో వచ్చి పాడమన్నారట. పాడాడు! లోకం ఎలా పుట్టిందో తన భాషలో, పల్లెటూరి ఇంగ్లీషులో పాడాడు. మఠాధికారిణి హిల్డా ఆ సంగతి విని, అతని చేత బైబిలు కథలకి పాటలు కట్టించింది. 731లో ముగించిన తన చరిత్ర గ్రంథంలో బీడ్ అనే సన్యాసి రాశాడీ వృత్తాంతం. మనకి పేరు తెలిసిన తొలి ఇంగ్లీషు కవి ఈ గొడ్లు కాసేవాడే!

బండి మీద నాటకం

పాట జనం నోటికొచ్చింది. మరి బొమ్మ? దానికి ఇంకో ఏడు వందల ఏళ్ళు పట్టింది.

యార్క్ నగరంలో ఏటా వేసవిలో వచ్చే కార్పస్ క్రిస్టీ పండగనాడు చక్రాల బండ్లే స్టేజీలు. సృష్టి మొదలు ప్రళయం దాకా 48 నాటికలు. ఒక్కో నాటిక ఒక్కో వృత్తి సంఘానిది. నోవహు ఓడ కట్టే నాటిక ఓడలు కట్టేవాళ్ళది. చివరి విందు రొట్టెలు కాల్చేవాళ్ళది. శిలువ వేసే నాటిక మేకులూ సూదులూ చేసేవాళ్ళది. బండ్లు వీధి వెంట కదులుతూ సుమారు 12 చోట్ల ఆగి, ఆగినచోటల్లా ఆట వేసేవి. నటులు తెల్లవారుజామున నాలుగుకీ అయిదుకీ మధ్య సిద్ధంగా వుండాలని 1415 నాటి నగర ప్రకటన. బెనిఫిట్ షో కోసం అలారం పెట్టుకున్న అభిమానులారా, మీ వంశం పాతదే సుమా!

కామెడీ ట్రాక్ కూడానా? ఓ, భేషుగ్గా! వేక్‌ఫీల్డ్ పేరుమీద చెప్పుకునే నాటకంలో మాక్ అనే దొంగ గొర్రెపిల్లని కాజేసి, తొట్లో పడుకోబెట్టి, తన పెళ్ళాం బిడ్డని కన్నదంటాడు. బిడ్డకి కానుక ఇద్దామని కాపరులు గుడ్డ తీస్తే ఏముంది? గొర్రె మూతి! జనం పడీపడీ నవ్వుతుండగానే దేవదూత పాట వినిపిస్తుంది. ఆ కాపరులే బేత్లెహేముకి వెళ్ళి అసలు పసివాణ్ణి చూస్తారు. ఎక్కడ నవ్వించి ఎక్కడ కళ్ళు తడిపించాలో ఆ పేరు తెలియని రచయితకి ఎంత బాగా తెలుసో చూడండి.

ఇక శిలువ నాటిక. నలుగురు సైనికులు మన మేస్త్రీల్లా గొణుక్కుంటూ పని చేస్తారు. చిల్లులు దూరంగా పడ్డాయి, చేతులు అందడంలేదు, తాడు కట్టి లాగండంటారు. పని గొడవే తప్ప ఎదురుగా మనిషి వున్నాడన్న ధ్యాస వుండదు. అంతలో ఆ మనిషి, వీళ్ళని క్షమించమని తండ్రిని వేడుకుంటాడు. వీధి వీధంతా నిశ్శబ్దం అయిపోయి వుంటుంది.

ఆట ఆగింది!

మతంలో మార్పులొచ్చాయి. ఈ పాత ఆటలు అధికారుల కళ్ళకి తప్పుగా కనిపించసాగాయి. 1569 ఆటే ఆఖరిది. 1580లో జనం మేయరు దగ్గరికెళ్ళి, మా ఆట మాకు వేయించండని అడిగారు. వేయించలేదు. మళ్ళీ యార్క్ వాళ్ళు చూసింది 1951లో... 382 ఏళ్ళకి! అందులో దేవదూతల్లో ఒకరు ఆ వూరి అమ్మాయే. 1957లో ఆమే మరియమ్మ అయింది. ఎవరంటారా? 1995 నుంచి జేమ్స్‌బాండ్ చిత్రాల్లో బాస్ 'ఎమ్'గా బాండ్‌నే గదమాయించిన జూడీ డెంచ్!

మన బండి

ఇంతా చెప్పాక కుర్రాడు ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"మా వూళ్ళో చర్చి ముందు తెర కట్టి 'కరుణామయుడు' వేశారు సార్, నా చిన్నప్పుడు. మేకులు కొట్టే సీనుకి మా అమ్మమ్మ లేచి నిలబడి ఆ సైనికుణ్ణి తిట్టింది."

చూశారా! ఆ చిత్రం 1978లో వచ్చింది. క్రీస్తుగా విజయచందర్. దర్శకుడు ఎ.భీంసింగ్ చిత్రం పూర్తికాకుండానే కన్నుమూస్తే, మిగతావాళ్ళు పూర్తిచేశారు. హాళ్ళలో ఆడింది సరే. ఆ తర్వాత ప్రొజెక్టరు, తెర బండికెక్కి పల్లెలకి వెళ్ళింది. అంతకు ముందే, 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధురి క్రీస్తు కీర్తనల్ని మన రాగాల్లో, మన తాళాల్లో కట్టాడు. మన కాడ్మన్ ఆయన, మన బండి ఈ సినిమా.

కథ ఎక్కడ పుట్టిందన్నది కాదు సంగతి. మన భాషలో, మన వీధిలోకి వచ్చిందా లేదా అన్నదే. వచ్చిన రోజున అమ్మమ్మ లేచి నిలబడుతుంది. అధికారులు ఆపినా మనవలు వెతుక్కుంటారు.

కుర్రాడు లేచాడు. నారాయణగూడ వైపున్న గదికి పోతాడనుకున్నాను. అబ్బే! లైబ్రరీ వైపే తిరిగాడు.

"ఆ మేకుల నాటిక ఒకసారి చదువుతాను సార్" అన్నాడు.