చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

గురుకులంలో మాకు మందు నూరడం మొదట నేర్పేవారు; యోగాన్ని మాత్రం చివరికి గాని చెప్పేవారు కాదు. అపాత్రునికి చెబితే మందు ఫలించదని నమ్మకం. ఆ నమ్మకం వల్ల కొన్ని మంచి యోగాలు వైద్యునితోపాటే కాటికి పోయినవి. ఇందుకు భిన్నంగా ఒక యోగాన్ని ఊరూరా చాటినవారి సంగతి పాఠకులకు చెప్పదలచినాను.

1971లో తూర్పు పాకిస్తాన్ నుండి వచ్చిన కాందిశీకులతో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బొంగావ్ నిండిపోయినది. విషూచి, అనగా కలరా, వ్యాపించినది. సిరలోనికి ఎక్కించే సెలైన్ నిండుకున్నది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించినారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు ఆయన చికిత్సలో 4 లోపునకు దిగినవి. ఆయన దానిని దాచుకొనలేదు. కలిపే విధానాన్ని కరపత్రాలుగా సరిహద్దు వెంట పంచినారు. బంగ్లాదేశ్ వారి రహస్య రేడియోలో కూడ అది ప్రసారమైనది.

ఇందులోని కిటుకు తీపిలో ఉన్నది. చిన్నప్రేగు చక్కెరతో జతగా ఉప్పును లోనికి తీసుకొనును. ఆ వెంట నీరు పోవును. కలరాలో సైతం ఈ దారి మూసుకొనదు.

1980 నుండి పదేళ్ళు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ స్త్రీలను ఇంటింటికీ పంపినది. కాటా లేని ఇంట గ్రాముల లెక్క దేనికి? మూడు వ్రేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర లీటరు నీరు. తరువాత మరొకరు వెళ్ళి తల్లిని పరీక్షించేవారు. ఆమెకు గుర్తున్నదానిని బట్టి నేర్పినవారికి జీతం! అయినా తల్లులు నేర్చుకున్నారే గాని, వాడినది తక్కువ. విచారిస్తే, నేర్పేవారికే దానిపై నమ్మకం లేదని తేలినది. మగవారికి చెప్పకపోవడం మరొక లోపం. రెండూ సరిదిద్దుకొని 1.2 కోట్లకు పైగా ఇళ్ళకు చేరినారు.

నేడు మందుల షాపులోని ఓ.ఆర్.ఎస్. పొడి ఉత్తమం. అది దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలపవలెను. ఉప్పు మించితే పసిబిడ్డకు ప్రమాదం. కన్నీటికంటె ఉప్పగా ఉండరాదు. తల్లిపాలు మానరాదు. మన లాజమండం, అదే పేలాల జావ, కూడ ఇయ్యవచ్చును.

తీపి పానీయాలను ఓ.ఆర్.ఎస్. పేరుతో అమ్మడంపై హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ప్రజలను హెచ్చరించినారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అట్టి వాటికి ఆ పేరు వాడరాదని ఆదేశించినది. కనుక అట్టమీది పాళ్ళు చదివి కొనండి.

కళ్ళు లోతుకు పోయి, మూత్రం తగ్గి, బిడ్డ మగతగా ఉన్నచో నా వంటివాని ఇంటికి కాదు, తిన్నగా ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలెను.