అంగుళాల కారు, వెంట్రుకవాసి రంగు

చిన్నప్పుడు బొమ్మ కార్లకు రంగులేసి, ఉద్యోగాల్లో పడి మానేసినవాళ్లు నలభై దాటాక మళ్లీ కుంచె పడితే చేయి తొందరగానే తిరుగుతుంది. చిక్కంతా రంగు మందంతోనే.

హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి 2014 దాకా చేసిన అంబాసిడర్‌నే తీసుకోండి. పొడవు దాదాపు 4.3 మీటర్లు. 24వ వంతు నమూనా చేస్తే 18 సెంటీమీటర్లు. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపినా మిల్లీమీటరులో సుమారు పదో వంతే. బొమ్మ మీద కూడా అంతే మందం పూస్తే, పెద్ద కారుకు 2.4 మిల్లీమీటర్ల రంగు మెత్తినట్టు. తలుపు చుట్టూ ఉండే గీత పూడిపోతుంది, గ్రిల్లు సందులు మూసుకుపోతాయి. బొమ్మ బొమ్మలా కనబడేది అందుకే.

కాబట్టి ముందు పాత రంగు తీసేయాలి. లోహపు బొమ్మయితే అడుగున ఉన్న రివెట్లను డ్రిల్లుతో తొలిచి బాడీ విడదీయాలి. ప్లాస్టిక్ బాడీకి మాత్రం హార్డ్‌వేర్ షాపు థిన్నర్ తాకనివ్వద్దు, కరిగిపోతుంది. సబ్బునీళ్లతో జిడ్డు కడిగి, ఆరాక ప్రైమర్ కొట్టాలి.

ప్రైమర్ ఎందుకంటారా? జవాబు కోసం మన తరిగొప్పుల వాళ్లు ఎక్కడికో పోనక్కర్లేదు. ఒకప్పుడు మనలాగే వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో సిద్దిపేటలోకి వెళ్లిన చేర్యాలలో నకాషీ చిత్రకారులు బట్ట మీద బొమ్మ గీసేముందు సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూస్తారు. రంగుకు పట్టు దొరికేది ఆ పూత మీదే.

స్ప్రే డబ్బాను జానెడు దూరంలో పట్టి, చేయి ఆపకుండా తుంపర్లుగా కొట్టాలి. మొదటి పూతకు అడుగు కనబడుతుంది, కనబడనివ్వండి. వానాకాలం ముసురులో కొడితే గాల్లోని తేమకు లక్కర్ తెల్లగా పొగబారుతుంది. మాస్కు పెట్టుకుని, గాలి ఆడేచోటే కొట్టాలి.

ఇక గీతలు. బాగా పలచన చేసిన ఎనామెల్‌ను సన్న కుంచెతో ఒకచోట తాకిస్తే చాలు, సందు వెంట అదే పాకుతుంది. తెల్ల అంబాసిడర్‌కు నల్లరంగు వాడొద్దు, కార్టూనులా ఉంటుంది. బూడిద రంగు మేలు. మన చల్క నేలల్లో తిరిగిన బండి అనిపించాలంటే కుంచెకున్న ఎర్రమట్టి రంగును గుడ్డకు తుడిచేసి, మిగిలిన తడితో బంపరు కింద, చక్రాల వెనక రుద్దండి. పైకప్పు జోలికి పోవద్దు.