పెరడు పోతే పోనీ... డాబా ఉందిగా!

నాలుగు మొక్కలు, రెండు మంచాలు, ఒక పందిరి. బెజవాడ ఎండకూ వానకూ తట్టుకునే ఆరుబయటి గదికి ఇంతకంటే పెద్ద సరంజామా అక్కర్లేదు.

విదేశీ పత్రికల్లో తోటల ఫొటోలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. పచ్చటి లాన్, మధ్యలో తెల్లటి గొడుగు, కింద మెత్తటి సోఫాలు, పక్కన మాంసం కాల్చే పొయ్యి. బాగానే ఉంటుంది... లండన్‌లో! అదే సోఫాను మే నెలలో బెజవాడ డాబా మీద వేసి చూడండి. మధ్యాహ్నం మూడింటికి దాని మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. జూలైలో ఒక్క వాన పడితే లోపలి స్పాంజి నాలుగు రోజులైనా ఆరదు. ఆపైన బూజు, వాసన, చీమలు. ఈ ఊరిని 'బ్లేజ్‌వాడ' అని ఊరికే అన్నారా!

అలాగని ఆరుబయట కూర్చోవడం మనకు తెలియని విద్యేం కాదు. ఆ మాటకొస్తే కృష్ణా డెల్టా ఇళ్లు సగం బయటే ఉండేవి. వీధి వైపు అరుగు, దారిన పోయేవాళ్లతో కబుర్లకి. మధ్యలో మండువా, వానా వెన్నెలా నేరుగా ఇంట్లోకి దిగడానికి. వెనక పెరడు... బావి, కరివేపాకు చెట్టు, బచ్చలి పాదు, అంట్లు తోముకునే బండ, పక్కనే సన్నజాజి పందిరి. వేసవి రాత్రి ఇంటిల్లిపాదీ పెరట్లోనో వాకిట్లోనో మంచాలు వేసుకునేవాళ్లు. ఇంట్లో ఫ్యాన్ ఉన్నా సరే.

తర్వాత పెంకుటిళ్లు డాబాలయ్యాయి. డాబాలు అపార్ట్‌మెంట్లయ్యాయి. సత్యనారాయణపురం, గాంధీనగర్, లబ్బీపేట, పటమట... ఎక్కడ చూసినా గజం నేల కూడా వదలకుండా కట్టుకున్నాం. అరుగు రోడ్డులో కలిసింది. పెరడు కారు పార్కింగైంది. మిగిలిందల్లా పైన ఆకాశం, కింద సిమెంటు డాబా. దాన్ని కూడా నీళ్ల ట్యాంకుకీ, విరిగిన కుర్చీలకీ వదిలేస్తే ఇంట్లో పెద్దవాళ్లకి సాయంత్రం కాస్త గాలికి కూర్చునే చోటే లేకుండా పోతుంది. ఏసీ గదిలో కూర్చుని ఎంతసేపని గోడలు చూస్తారు?

ముందు గాలి ఎటో చూడండి

డాబాకి సామాన్లు కొనే ముందు ఒక పని చెయ్యాలి. రెండు మూడు రోజులు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఊరికే పైకెళ్లి నిలబడాలి. ఎండ ఎటు నుంచి కొడుతోంది, గాలి ఎటు నుంచి వస్తోంది, ఎదుటి మేడ నీడ ఎప్పుడు పడుతోంది... ఇవి తెలిస్తే సగం ఖర్చు మిగులుతుంది.

వేసవిలో పగలంతా మనల్ని మాడ్చేది పడమటి వైపు నుంచి వచ్చే వడగాలి. పొద్దు వాలాక కాస్త ప్రాణం పోసేది ఆగ్నేయం వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి. కాబట్టి సూత్రం చిన్నదే. పడమర మూయాలి, తూర్పు దక్షిణాలు వదిలెయ్యాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పక్కింటి వాళ్లకి కనబడకూడదని తూర్పున తడికెలు కట్టేసి, ఆనక గాలాడట్లేదని ఫ్యాన్ కొంటారు!

పడమర వైపు వెదురు తడికె కట్టొచ్చు. నర్సరీల్లో వాడే ఆకుపచ్చ వల కట్టొచ్చు. వరసగా గన్నేరో నందివర్ధనమో పెట్టొచ్చు. వల కడితే మాత్రం కిందా పైనా జానెడేసి ఖాళీ వదలండి. లేకపోతే తెరచాపలా గాలికి ఉబ్బి, కట్టిన ఇనుప గొట్టాన్నే ఊడబెరుకుతుంది. తోట గొడుగుల గతీ అంతే. ఈదురుగాలి వచ్చిన రోజు అవి పక్కవీధిలో తేలతాయి.

ఇక సిమెంటు శ్లాబు సంగతి. పగలంతా తాగిన వేడిని అది రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది. పొద్దు కుంకాక డాబా మీద నాలుగు బకెట్ల నీళ్లు చల్లడం మన పెద్దల పద్ధతి. ఆ నీళ్లు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతాయి. ముందుగా సున్నమో తెల్ల పెయింటో వేయిస్తే అసలు వేడెక్కడమే తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వమైతే 2023లో దీనికోసం 'కూల్ రూఫ్' విధానమే తెచ్చింది. ప్లాస్టిక్ గడ్డి తివాచీ పరుద్దామనుకునే వాళ్లు ఒక్కసారి మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నడిచి చూడాలి. మళ్లీ ఆ ఊసెత్తరు.

మంచాన్ని మించిన సోఫా లేదు

ఆరుబయటికి ఏ ఫర్నిచర్ మంచిది? మూడు పరీక్షలు పెట్టండి. లోంచి గాలి దూరాలి. తడిస్తే ఆరాలి. ఒక్క మనిషి ఎత్తి పక్కన పెట్టగలగాలి. ఈ మూడింటిలోనూ నూటికి నూరు మార్కులు తెచ్చుకునేది మన నులక మంచమే. కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి వీపుకి చెమట పట్టదు. పగలు నలుగురు కూర్చునే సోఫా, రాత్రి పడక, మధ్యలో వడియాలు ఎండబెట్టే బల్ల. వదులైతే కాళ్ల వైపు తాడు బిగించుకుంటే సరి. నవారు మంచం ఇంకా మెత్తన, కానీ నూలు నవారు వానలో వదిలేస్తే కుళ్లిపోతుంది. ప్లాస్టిక్ నవారు కుళ్లదు గానీ ఎండకు పెళుసెక్కుతుంది.

పేము కుర్చీలు అందానికి అందం, తేలికకు తేలిక. కాకపోతే వాటికి నీడ కావాలి. ఎండకూ వానకూ వదిలితే కట్లు ఊడిపోతాయి. పందిరి కిందో బాల్కనీలోనో వేసుకుంటే ఏళ్లు వస్తాయి. ఇనుప కుర్చీలు గట్టివే, బెజవాడలో ఫర్వాలేదు. అదే బందరులో అయితే ఉప్పుగాలికి ఏటా రంగు వెయ్యాల్సిందే. పెళ్లి భోజనాల్లో కనిపించే అచ్చు ప్లాస్టిక్ కుర్చీలు కొందరికి నామోషీ. నిజానికి పదిమంది వచ్చిన రోజు అక్కరకొచ్చేవి అవే. ఒకదాంట్లో ఒకటి దూర్చి మూలన పెట్టొచ్చు. ఎండలో మాత్రం ఉంచకండి, కొన్నాళ్లకి కాళ్లు పుటుక్కున విరుగుతాయి. బరువైన పెద్దమనిషి కూర్చున్నప్పుడే విరగడం వాటి ప్రత్యేకత!

ఇంకో చవక మార్గం తుంగచాప. పదడుగుల చదరం స్థలంలో సోఫా సెట్టు వేస్తే నలుగురు కూర్చుంటారు. అదే చోట చాపలు పరిస్తే ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుని పేకాడుకోవచ్చు. మోకాళ్ల నొప్పుల వాళ్లకి మాత్రం పిట్టగోడ వారగా ఓ బల్ల ఉండాలి. ఇటుకలు పేర్చి పైన కడప బండ పరిచినా చాలు. పగలు అది కాలుతుంది, రాత్రి హాయిగా చల్లబడుతుంది.

అలంకరణకి ఎక్కడికో పోనక్కర్లేదు. మంచం మీదికి పెడన కలంకారీ దుప్పటి పరిస్తే రంగులు వాటంతటవే వస్తాయి. వాడి లోపల పెట్టుకోండి, సహజ రంగులకి ఎండ శత్రువు. మిక్సీలు వచ్చాక మూలన పడ్డ రుబ్బురోలు ఉందా? నీళ్లు పోస్తే పిట్టలకి చలివేంద్రం. అటక మీది ఇత్తడి గంగాళంలో నాలుగు మందారాలు తేలేస్తే వచ్చిన చుట్టాల కళ్లన్నీ దాని మీదే.

రాత్రి పూసేవే పెంచండి

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే పగలు అందంగా కనిపించే మొక్కలు కొనడం. డాబా మీద మీరు కూర్చునేది చీకటి పడ్డాకే కదా. అప్పుడు ఎర్ర పువ్వైనా నల్లగానే కనిపిస్తుంది. తెలుపూ, పరిమళం... ఈ రెండే చీకట్లో పనికొచ్చేవి. మల్లె, సన్నజాజి, విరజాజి, నైట్‌క్వీన్. పందిరికైతే రాధామనోహరాన్ని మించింది లేదు. మునిమాపున తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీగా, ఆపైన ఎర్రగా మారే పూలు ఒకే గుత్తిలో కనిపిస్తాయి. ఆ తీగ బాగా బలుస్తుంది కాబట్టి పందిరి గొట్టాలు గట్టివి వెయ్యాలి. తొందరగా నీడ కావాలా? చిక్కుడు పాదో బచ్చలి తీగో పాకించండి. కూర కూడా వస్తుంది.

నైట్‌క్వీన్ పెడితే పాములొస్తాయని పెద్దలు భయపెడతారు. పాములు పూల వాసనకి రావు. కప్పలూ ఎలుకలూ ఉన్నచోటికి వస్తాయి. కుండీల సందుల్లో చెత్తా, పాత సంచులూ పోగు చెయ్యకుండా ఉంటే చాలు.

మొక్కలకి రాజమహేంద్రవరం దగ్గరి కడియం, కడియపులంక నర్సరీలు ఉండనే ఉన్నాయి. హైవే మీద వెళ్లేవాళ్లు కారు నిండా మొక్కలు తెచ్చుకుని, పదిరోజుల్లో సగం ఎండిపోయాయని బాధపడుతుంటారు. అక్కడ వల కింద నీడలో పెరిగిన మొక్కని తెచ్చి నేరుగా మన డాబా ఎండలో పెడితే ఎలా బతుకుతుంది? రెండు వారాలు నీడలో ఉంచి, కొద్దికొద్దిగా ఎండ చూపించాలి. అసలు ఏప్రిల్, మే నెలల్లో కొనకుండా తొలకరి దాకా ఆగితే ఇంకా మంచిది.

బరువు మాట మరచిపోతే...

డాబా మీద లాన్ వేద్దామనే సరదా చాలామందికి ఉంటుంది. ఒక లెక్క చూడండి. ఘనపు మీటరు తడి మట్టి టన్నున్నర నుంచి రెండు టన్నుల దాకా తూగుతుంది. అడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకి దాదాపు అరటన్ను. మనుషులు తిరిగే మామూలు ఇంటి పైకప్పుకి మన ప్రమాణాల ప్రకారం ఇంజినీర్లు లెక్కవేసే అదనపు బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలే! తేడా చూశారుగా. ఇంజినీరుకి చూపించకుండా మట్టి పరవడం అంటే నెత్తిన లారీ పెట్టుకోవడమే.

కుండీలైనా సరే, శ్లాబు మధ్యలో కాకుండా కింద దూలం ఉన్న చోట, గోడల వెంబడి పెట్టాలి. మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెడితే నీరు నిలవదు, శ్లాబు చెమ్మగిల్లదు. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్క మొలిచిందేమో ఏటా చూసుకోవాలి. వేలెడంత ఉండగానే పీకెయ్యకపోతే గోడని చీలుస్తుంది. పిట్టగోడ మీద కుండీలు మాత్రం పెట్టనే వద్దు. గాలివానకి అవి కింద వెళ్లేవాళ్ల నెత్తినే పడతాయి.

దీపాలు తక్కువ, దోమలూ తక్కువ

డాబా అనగానే పెద్ద ఎల్ఈడీ ఫ్లడ్‌లైటు బిగించేస్తారు. క్రికెట్ ఆడడానికైతే బాగుంటుంది. కబుర్లకి కాదు. తెల్లటి వెలుగు పురుగుల్ని పిలుస్తుంది. పసుపు రంగు బల్బులకి తక్కువ వస్తాయి. తొలకరి వానల తర్వాత ఉసిళ్లు రేగిన రోజు మాత్రం ఏ దీపమూ వద్దు, అన్నీ ఆపేసి వెన్నెల్లో కూర్చోవడమే. దోమలకి వేగంగా ఎగిరే శక్తి లేదు. కాళ్ల వైపు ఒక పెడస్టల్ ఫ్యాన్ తిప్పితే దగ్గరికి రాలేవు. కుండీల కింది పళ్లేల్లో, రోట్లో, గంగాళంలో నీళ్లు వారానికోసారి పూర్తిగా ఒంపి తోమాలి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు మరి.

సగం ఖాళీ వదలాల్సిందే

డాబా అంటే సరదా ఒక్కటే కాదని బెజవాడకి 2024లో తెలిసొచ్చింది. ఆగస్టు 31న మొదలైన కుండపోతకి బుడమేరుకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి పోయింది. కింది వాటాల వాళ్లంతా పిల్లాజెల్లాతో మేడలెక్కారు. హెలికాప్టర్లూ డ్రోన్లూ ఆహార పొట్లాలు జారవిడిచింది డాబాల మీదికే. ఆ రోజుల్లో ఖాళీ డాబా ఉన్న ఇల్లు పది కుటుంబాలకి దిక్కైంది.

అందుకే ఎంత ముచ్చటగా తీర్చిదిద్దినా సగం డాబా ఖాళీగా ఉండాలి. మెట్ల మీద కుండీలు వద్దు. పై తలుపుకి తాళం వేసి చెవి ఒక్కరి దగ్గరే ఉంచుకోవడం అసలొద్దు. అపార్ట్‌మెంట్లలో ఈ తాళం గొడవే పెద్దది. పై అంతస్తు వాళ్లు డాబా తమదే అనుకుంటారు. కింది వాళ్లకి అలిగి పైకే రాని పంతం. నలుగురూ కలిసి ఒక పందిరి వేసుకుంటే ఖర్చూ తక్కువ, పేచీ కూడా తక్కువ. మొక్కలకి నీళ్లు పోసే వంతులు మాత్రం ముందే కాగితం మీద రాసుకోవడం మంచిది!

ఇక అతిథుల మాట. మాంసం కాల్చే పొయ్యిలు ఇష్టమున్నవాళ్లు పెట్టుకోవచ్చు గానీ మనకి ఆరుబయటి విందు కొత్త కాదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలున్నాయి. తోటల దాకా వెళ్లలేని అపార్ట్‌మెంట్ల వాళ్లు ఉసిరి కొమ్మ తెచ్చి కుండీలో గుచ్చి, డాబా మీదే అరిటాకులు వేసేస్తున్నారు. వేసవిలో వెన్నెల భోజనాలు ఉండనే ఉన్నాయి. వాటికి వంట కూడా తేలికగా ఉండాలి. ఎవరో ఒకరు గిన్నెలన్నీ మెట్లెక్కించి, మళ్లీ దించాలి కదా. ఎక్కువసార్లు ఆ ఎవరో ఒకరు ఇంటావిడే! అందుకని మగవాళ్లు నీళ్ల బిందె, చాపలు ముందే పైకి చేరిస్తే బాగుంటుంది. ఒక పెద్ద గిన్నె పెరుగన్నం, కొత్తావకాయ, ఊర మిరపకాయలు, చివర్లో నూజివీడు రసాలు. పళ్లేలు కూడా అక్కర్లేదు, చుట్టూ కూర్చుంటే పెద్దావిడ ఒకరు ముద్దలు కలిపి చేతుల్లో పెట్టేస్తారు. రసాలు తిన్నాక చేతులు కడుక్కోవడానికి పైన ఒక కుళాయి బిగించుకోవడం మాత్రం మరవకండి.