తీర్పు దినమున మన లెక్క

ఆపరేషనుకు ముందు రాత్రి కొందరు రోగులు మమ్మల్ని అడుగుతుంటారు: "సిస్టరమ్మా, నేను ఏ మంచీ చేయలేదు. తీర్పులో దేవుని ముందు ఎలా నిలబడను?"

వారికి ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం 8–10 వచనాలు చదివి వినిపిస్తాము. రక్షణ విశ్వాసము ద్వారా కృపచేత కలిగే దేవుని వరము. అది క్రియలకు కూలి కాదు. సత్క్రియలు ఆ తరువాతి మాట. చెట్టు బ్రతికియుంటే కాయ కాస్తుంది. కాయలు తెచ్చి కట్టినా ఎండుచెట్టు బ్రతకదు.

మత్తయి 25లో రోగులను చూడవచ్చిన వారిని ప్రభువు మెచ్చుకొన్నాడు కదా? ఎప్పుడు చేశామని వారే ఆశ్చర్యపడ్డారు. వారు లెక్క వ్రాసుకోలేదు!

ప్రియులారా, భయపడక ఆయనను నమ్మండి. లేచి తిరగగలిగిన రోజున ప్రక్క మంచం వారికి గ్లాసు నీళ్ళు అందించండి.